మెడ కొలత

పధ్నాలుగు పావు.
పోయిన కార్తీకంలో నా జాకెట్టుకి నేనే రాసుకున్న అంకె.
ఈ ఆషాఢంలో టేపు పదిహేను దగ్గర ఆగింది.
సాగిపోయిందేమోనని
గజంబద్ద పక్కన పరిచి చూశాను.
టేపు సాగలేదు.

పర్లాకిమిడిలో మా వీధి మెడలన్నీ నాకు తెలుసు,
ఎవరికెంత లోతు, ఎవరి భుజం ఎటు వాలు.
ఇరవై ఏళ్లుగా
నా మెడ ఒక్కటే చూసుకోలేదు.

మిషను తొక్కుతూ తొక్కుతూ కునుకు.
రోళ్లు పగిలే ఎండల్లో దుప్పటి.
దువ్వెనకి చిక్కిన జుట్టు పోగేస్తే సవరం అల్లుకోవచ్చు.
"పగలూ నిద్దరేనేటే, ఇది మనిషా మూటా" అని అత్త.
నెల తప్పడం, మళ్లీ రావడం
ఎవరికీ చెప్పుకోని సంగతైపోయింది.

అంగన్‌వాడీ సుభాషిణి నానీ
ఫాల్ కుట్టించుకోడానికి వచ్చి నన్నే చూస్తూ నిలబడింది.
తల వెనక్కి వాల్చు, గుక్కెడు నీళ్లు తాగు,
అద్దంలో గొంతు చూసుకో, అంది ఒడియాలో.
మింగాను.
కాజాలో ఇరుక్కున్న బొత్తాంలా
ఏదో పైకి లేచి, దిగింది.
ఇంకోసారి మింగాను.
చెంబెడు నీళ్లూ అయిపోయాయి.

పక్కింటి మోనాలిసా ఫోనులో నొక్కి తెప్పించిన డబ్బా
ముందు పాతపట్నం వెళ్లిపోయింది.
"మీది ఆంధ్రానా ఒడిశానా అమ్మా?" అని కొరియర్ కుర్రాడు.
ఓటు ఇక్కడ, పుట్టిల్లు అక్కడ,
మధ్యలో ఆటోకి ఇరవై రూపాయలు.
ఏమని చెప్పను?

కాగితం మీద ఇంగ్లీషు, హిందీ. తెలుగు లేదు, ఒడియా లేదు.
బొమ్మలున్నాయి. బొమ్మల్ని చూసి
లంగా నుంచి లెహంగా దాకా కుట్టినదాన్ని,
ఇదెంత?

మొదటి పోటుకి రక్తం రాలేదు.
కాయ కాచిన వేలు. సూదంటే దానికి లెక్క లేదు.
ఉంగరం వేలిచ్చాను.
కందిగింజంత.
పైన మూడు చుక్కల మందు. పది నిమిషాలు.
పది నిమిషాలంటే ఒక చేతి హెమ్మింగు.

ఒక గీత వెంటనే పడింది.
రెండోది
ఉతికిన గుడ్డ మీద మిగిలిన సుద్ద గుర్తులా
ఉందా లేదా, ఉందా లేదా,
ఉంది.

వెనకనుంచి అత్త ఎప్పుడొచ్చిందో.
సీరియళ్లలో ఆవిడ చూసిన గీతలివి.
రెండంటే ఏమిటో ఆవిడకి తెలుసు.
"ఓలమ్మో, ఇన్నాళ్లకి" అంటూ
పంచదార తెచ్చి నా నోట్లో పోసింది.
ఆ చెయ్యి నా చెంపకి ఎప్పుడూ అంత మెత్తగా తగల్లేదు.
కాదని చెప్పాలంటే
నోటి నిండా తీపి.

ఆ పూట నన్ను బిందె ఎత్తనివ్వలేదు.
నేనూ ఎత్తలేదు.
సాయంత్రం దాకా, తప్పే కానీ,
ఆ గీత ఆవిడ చెప్పిందే అయి ఉండాలని
నేనూ కాసేపు నమ్మాను.

రాత్రి కంచాలు తీశాక చెప్పాను.
ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.
ఎంతసేపటికో,
"నా సిన్నప్పుడు కొండమీంచి పసుపు దించే సవర ముసిల్దుండేది,
గొంతుకాడ ఎలక్కాయంత.
గవ్వలపేరు దానిమీంచి జారి పక్కకి పడిపోయేది.
మేం గుంటలం నవ్వేవోలం" అంది.
అని, దీపం దగ్గరికి జరిగి గడ్డం ఎత్తింది.
"నాదీ సూడే."

కోడలై వచ్చాక ఆవిడ మెడ ముట్టుకోవడం అదే మొదలు.
చర్మం పాత మల్లుగుడ్డలా వేళ్ల కింద జారింది.
నీళ్లిచ్చాను. మింగింది.
ఏమీ లేవలేదు.
"సరిగ్గా సూసేవా?"
"చూశాను."
"ఇంకోపాలి సూడు."

కొలతల పుస్తకంలో, పెళ్లివారి పదకొండు జాకెట్ల కింద, రాశాను:
అత్త. మెడ పదమూడున్నర.
నేను. మెడ పదిహేను. గీతలు రెండు.
శనివారం పరగడుపున పాతపట్నం,
చేతి నరం నుంచి రక్తం తీయించాలి.
పెళ్లివారికి ఆదివారం ఇస్తానని చెప్పాలి.